ప్రమాదాలు తగ్గినా ఆగని ప్రాణనష్టం
బందరు, గుడివాడ, దివిసీమ రోడ్లపై జాగ్రత్త ఇంకా అవసరం

(గ్రామీణ విలేఖరి)

మచిలీపట్నం: రాష్ట్రంలో రోడ్డు ప్రమాదాల సంఖ్య తగ్గింది. వినడానికి ఇంపైన మాటే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2017లో ఆంధ్రప్రదేశ్‌లో 25,727 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 2022 నాటికి అవి 21,249కి దిగాయి. ఐదేళ్లలో 4,478 ప్రమాదాలు తగ్గాయన్న మాట. ఆ మేరకు ప్రాణనష్టమూ తగ్గి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. అయితే అలా జరగలేదు. 2017లో 8,060 మంది మరణించగా, 2022లో 8,293 మంది మరణించారు. ప్రమాదాలు వేలల్లో తగ్గితే మృతుల సంఖ్య 233 పెరిగింది.

మరో విధంగా చెప్పాలంటే, 2017లో నూరు ప్రమాదాలు జరిగితే 31 మంది చనిపోయారు. 2022లో నూరు ప్రమాదాలకు 39 మంది చనిపోయారు. అదే ఏడాది దేశం మొత్తం మీద ఈ లెక్క 36 దాటి 37కు లోపే ఉంది. ప్రమాదం జరిగితే బతికి బయటపడే అవకాశం మన రాష్ట్రంలో నానాటికీ సన్నగిల్లుతోందని దీని అర్థం.

చిన్నా చితకా ప్రమాదాలు పోలీసు స్టేషన్ దాకా పోకుండా పెద్దమనుషుల మధ్య రాజీ అయిపోవడం మన పల్లెల్లో కొత్త కాదు. కాబట్టి ప్రమాదాల సంఖ్య అసలు కంటే తక్కువగా నమోదు కావచ్చు. మరణాన్ని మాత్రం అంత సులువుగా దాచలేరు. అందువల్ల రోడ్డు భద్రత మెరుగుపడిందా లేదా తేల్చుకోవడానికి ప్రమాదాల లెక్క కన్నా మృతుల లెక్కే నమ్మదగినది.

దిగి, మళ్లీ ఎక్కిన లెక్క

మృతుల సంఖ్య ఎన్నడూ తగ్గలేదని కాదు. 2016లో రాష్ట్రంలో 8,541 మంది రోడ్డు ప్రమాదాల్లో మరణించారు. 2017లో 8,060, 2018లో 7,556 మంది. వరుసగా రెండేళ్లు తగ్గింది. అంతలోనే 2019లో 7,984కి పెరిగింది. 2020లో కరోనా లాక్‌డౌన్ కారణంగా బస్సులు, లారీలు నిలిచిపోయి, జనం ఇళ్లకే పరిమితమైనందున 7,039కి పడిపోయింది. రోడ్లు తెరవగానే 2021లో 8,186, 2022లో 8,293 అయింది. దేశమంతటా చూసినా 2022లో 1,68,491 మంది, 2023లో 1,72,890 మంది రోడ్లపై ప్రాణాలు పోగొట్టుకున్నారు.

లాక్‌డౌన్ నాటి తగ్గుదల మన జాగ్రత్త వల్ల వచ్చింది కాదు. బండి కదలకపోతే ప్రమాదం జరగదు, అంతే. ఏ కారణం చేత తగ్గిందో గుర్తించి, ఆ కారణాన్ని నిలుపుకుంటేనే లెక్క దిగువన ఉంటుంది. లేకపోతే మర్నాడే పైకి లేస్తుంది.

తుఫాను నేర్పిన పాఠం

ప్రాణనష్టాన్ని తగ్గించి, తగ్గినదాన్ని నిలుపుకోవడం ఎలాగో బందరు, దివిసీమ వాసులకు వేరే ఎవరో వచ్చి చెప్పనక్కరలేదు. 1864 నవంబరులో బందరును ముంచెత్తిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా బలయ్యారు. మళ్లీ 1990 మేలో దాదాపు అంతటి తీవ్రమైన తుఫాను కృష్ణా నది ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఆ తుఫానులో రాష్ట్రం మొత్తం మీద 967 మంది మరణించినట్లు అధికారిక లెక్క. పదమూడేళ్లలో గాలి మెత్తబడలేదు, సముద్రం వెనక్కి పోలేదు. ముందుగా హెచ్చరిక అందింది. లోతట్టు గ్రామాల జనాన్ని పెద్ద ఎత్తున తరలించారు. తలదాచుకోవడానికి తుఫాను షెల్టర్లు ఉన్నాయి. తేడా అక్కడ వచ్చింది.

1990లో నష్టం తగ్గింది కదా అని ఆ తరువాత ఎవరూ తుఫాను హెచ్చరికలు మానుకోలేదు. షెల్టర్లను కూలగొట్టలేదు. నేటికీ వాయుగుండం అనగానే తీర గ్రామాల్లో దండోరా, పునరావాస కేంద్రాలు, వేటకు వెళ్లవద్దని మత్స్యకారులకు హెచ్చరికలు. రోడ్డు విషయంలో మాత్రం ఈ తెలివి కనబడదు. జనవరిలో రోడ్డు భద్రత మాసోత్సవాలు, నాలుగు ర్యాలీలు, కొన్నాళ్లు హెల్మెట్ తనిఖీలు. ఫిబ్రవరి రాగానే అంతా మామూలే.

ఈ మరుపు మన ఒక్కరిదే కాదు. స్వీడన్ దేశంలో 1967 సెప్టెంబరు 3న వాహనాలన్నీ రోడ్డుకు ఎడమ పక్క నుంచి కుడి పక్కకు మారాయి. ఘోరం జరుగుతుందని అందరూ భయపడ్డారు. తీరా చూస్తే ఆ రోజుల్లో ప్రమాదాలు తగ్గాయి. భయం కొద్దీ ప్రతి ఒక్కరూ నిదానంగా, కళ్లు తెరుచుకుని బండి నడపడమే అందుకు కారణం. అలవాటు పడ్డాక భయం పోయింది. రెండేళ్లు తిరిగేసరికి ప్రమాదాలు పాత స్థాయికి చేరాయి. ఆ దేశం అక్కడితో ఊరుకోలేదు. రోడ్డుపై ఒక్కరూ చనిపోకూడదన్న లక్ష్యాన్ని 1997లో పార్లమెంటు చేత ఆమోదింపజేసింది. మనిషన్నాక పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకు ప్రాణం మూల్యం కాకుండా రోడ్డును మలచాలి అన్నది వారి సూత్రం. నేడు ప్రపంచంలో రోడ్డు మరణాలు అతి తక్కువగా ఉన్న దేశాల్లో అదొకటి.

కాలువ గట్టే రోడ్డు

మన డెల్టా రోడ్ల తీరే వేరు. మెట్ట ప్రాంతంలో బండి అదుపు తప్పితే పక్క పొలంలోకి పోతుంది. ఇక్కడ ఒక పక్క కాలువ, మరో పక్క మురుగు కోడు లేదా చేపల చెరువు. చాలా చోట్ల కాలువ గట్టునే వెడల్పు చేసి రోడ్డుగా మార్చారు. గట్టు వంపు తిరిగిన చోటల్లా రోడ్డూ వంపు తిరుగుతుంది. పైగా నల్లరేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీస్తుంది. తారు ఎంత దళసరిగా వేసినా అంచులు కుంగుతాయి. ఎదురుగా లారీ వస్తే మార్జిన్‌లోకి దిగిన మోటారు సైకిలు మళ్లీ రోడ్డెక్కబోయి జారి పడేది ఆ అంచు దగ్గరే.

విజయవాడ నుంచి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలైంది. పూర్వం దీనినే 9వ నంబరు రహదారి అనేవారు. పామర్రు దగ్గర మొదలై గుడివాడ, కైకలూరు, భీమవరం మీదుగా పాలకొల్లు వైపు పోయేది 165వ నంబరు రహదారి. కత్తిపూడి నుంచి కృత్తివెన్ను, పెడన, బందరు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ వారధి దాటి రేపల్లె, ఒంగోలు వైపు సాగేది 216వ నంబరు రహదారి. పులిగడ్డ, పెనుమూడి మధ్య వారధి లేని రోజుల్లో దివిసీమకు వచ్చే వాహనం దివిసీమ పని మీదే వచ్చేది. నేడు కోస్తా పొడవునా తిరిగే లారీలు, కంటైనర్లు అటుగా పోతున్నాయి. రోడ్డు మారింది. దాని పక్కన ఊళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. బడి పిల్లలు, పాల క్యాన్ల సైకిళ్లు, సాయంత్రం ఇంటికి మళ్లే గేదెలు ఆ రోడ్డునే దాటాలి.

జాతీయ రహదారుల మీదనే చావులు అనుకోవడమూ పొరపాటు. 2022లో దేశంలో రోడ్డు మృతుల్లో 36 శాతం జాతీయ రహదారులపై, 24 శాతం రాష్ట్ర రహదారులపై మరణించారు. మిగిలిన 39 శాతానికి పైగా జిల్లా రోడ్లు, ఊళ్ల రోడ్లు వంటి చోట్లనే పోయారు. గుడివాడ నుంచి గుడ్లవల్లేరు, పెడన మీదుగా బందరు వచ్చే దారి, విజయవాడ నుంచి అవనిగడ్డకు కృష్ణ వెంబడి పోయే కరకట్ట రోడ్డు, అవనిగడ్డ నుంచి కోడూరుకు, నాగాయలంకకు పోయే దారులు జాతీయ రహదారులు కావు. తెలిసిన దారే కదా అన్న ధీమా వీటిపై ఎక్కువ. కరకట్ట మలుపుల్లో ఎదుటి బండి దగ్గరకు వచ్చే దాకా కనబడదు.

సీతనపల్లి దుర్ఘటన

2024 జూన్ 14న కృత్తివెన్ను మండలం సీతనపల్లి వద్ద 216వ నంబరు రహదారిపై కంటైనర్ లారీ, మినీ వ్యాను ఢీకొని ఆరుగురు మరణించారు. సరుకు మోయవలసిన బండ్లలో మనుషులను ఎక్కించుకుని పోవడం ఈ తీర మండలాల్లో నిత్యకృత్యం. చేపల చెరువుల పనికి, వరి నాట్లకు, పెళ్లికి, తీర్థానికి అన్నిటికీ అవే బండ్లు. సీట్లు ఉండవు. పట్టుకోవడానికి ఆధారం ఉండదు. ఢీకొన్నప్పుడు బస్సులో కూర్చున్నవాడు ముందు సీటుకు కొట్టుకుంటాడు. ట్రక్కులో నిలబడ్డవాడు రోడ్డు మీద పడతాడు.

కార్తిక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి మంగినపూడి బీచికి, హంసలదీవి సాగర సంగమానికి జనం వేలాదిగా తరలి వెళతారు. తెల్లవారుజామున స్నానాలు. అర్ధరాత్రి బయలుదేరి, నిద్ర లేకుండా నడిపి, నిద్ర లేకుండానే తిరిగి వచ్చే డ్రైవర్లు ఎందరో. ఆ రెండు రోజులు సముద్రం ఒడ్డున గజ ఈతగాళ్లను ఉంచినట్లే, దారి పొడవునా నిఘా ఉండాలి. నీళ్లలో దిగిన వారికి ఉన్న రక్షణ, నీళ్ల దాకా వెళ్లే వారికీ ఉండాలి కదా.

కోతల కాలం గండం

నవంబరు నెలాఖరు నుంచి సంక్రాంతి దాకా ఈ మూడు ప్రాంతాల రోడ్లకు మరో గండం ఉంది. పూర్వం కోసిన పనలు చేలో ఆరేవి. ఆ తరువాతే కుప్ప, నూర్పిడి. నేడు కోత మిషను పచ్చి చేలో దిగి గంటల్లో ధాన్యం పోసి పోతోంది. ఆ గింజలో తేమ ఎక్కువ. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదన్నది నిబంధన. కళ్లాలు లేవు. ఊళ్లో సిమెంటు గచ్చులు చాలవు. ఇక రైతుకు కనిపించేది తారు రోడ్డే.

రైతు అవసరాన్ని తప్పు పట్టలేము. అయితే సగం రోడ్డు ధాన్యం కింద పోతే ఎదురెదురు వాహనాలకు మిగిలేది ఒకటే వరుస. పగలు కనబడుతుంది. రాత్రి ఆ రాశి మీద నల్ల పట్టా కప్పి, ఎగిరిపోకుండా రాళ్లు పెడతారు. నల్లటి రోడ్డు మీద నల్లటి పట్టా మోటారు సైకిలు దీపానికి దగ్గరకు వచ్చే దాకా ఆనదు. ఉదయం కాలువల మీద నుంచి లేచే మంచు సరేసరి. ధాన్యం ఎత్తిన తరువాత రాళ్లు అక్కడే వదిలేయడం మరీ ఘోరం.

ట్రాక్టర్ ట్రక్కుల సంగతీ ఇంతే. గడ్డి, చెరకు, ధాన్యం బస్తాలు వెడల్పుకు మించి ఎత్తుతారు. వెనుక దీపం ఉండదు, ఉన్నా గడ్డి మూసేస్తుంది. రాత్రి వేళ రోడ్డు పక్క నిలిపిన ట్రక్కును వెనుక నుంచి గుద్దుకున్న మోటారు సైకిళ్ల వార్తలు ఏటా ఈ పేజీలో వస్తూనే ఉన్నాయి. ట్రక్కు వెనుక అతికించే ఎర్రటి రిఫ్లెక్టర్ స్టిక్కరు ఖరీదు ఒక బస్తా ధాన్యం ధరలో ఎన్నో వంతు ఉంటుందో రైతులే చెప్పాలి.

దీనికి మార్గం లేకపోలేదు. మార్కెట్ యార్డులు, పాఠశాలల మైదానాలు, ఖాళీ లే అవుట్లు కోతల నెలలో ఆరబోతకు ఇవ్వవచ్చు. తప్పని చోట రోడ్డుకు ఒకే పక్కన, మలుపులకూ వంతెనలకూ దూరంగా, రాళ్లకు బదులు ఇసుక బస్తాలతో, రాత్రికి తెల్లటి సంచులో రిఫ్లెక్టర్లో అంచున పెట్టి ఆరబోసేలా పంచాయతీ తీర్మానం చేయవచ్చు.

ముగ్గురి ఆటోలో డజను మంది

నాట్ల కాలంలోనూ కలుపు తీతలప్పుడూ తెల్లవారకముందే మేస్త్రి ఆటో వీధి చివర ఆగుతుంది. ముగ్గురు ప్రయాణికులకు అనుమతి ఉన్న బండిలో పది మంది, పన్నెండు మంది ఎక్కుతారు. వెనుక క్యారేజీలు, కొడవళ్లు. డ్రైవరుకు అటూ ఇటూ ఇద్దరు. హ్యాండిలు తిప్పడానికి మోచేయి ఆడదు. బరువంతా వెనక్కి పడి ముందు చక్రం తేలిపోతుంది. మూడు చక్రాల బండి మలుపులో తిరగబడటానికి ఇది చాలు.

ఇందులో ఎక్కేది ఎక్కువగా ఆడ కూలీలు. తల్లి పోతే ఆ ఇల్లు ఏమవుతుందో ఎవరికి తెలియదు? ఆటోను ఆపి జరిమానా రాస్తే ఆ డబ్బు చివరకు వాళ్ల కూలీలోంచే కోత పడుతుంది. అందువల్ల జరిమానా ఒక్కటే చాలదు. నాట్లు, కోతల నెలల్లో తెల్లవారుజామున ఆర్టీసీ పల్లె సర్వీసులు వేళ మార్చి నడిపితే, మేస్త్రీలు ఒక బండికి బదులు రెండు బండ్లు పెట్టి ఆ ఖర్చు రైతు, మేస్త్రి పంచుకుంటే ఈ ఇరుకు కొంత తగ్గుతుంది.

నెత్తిన లేని హెల్మెట్

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల వారే. నూటికి 44 మందికి పైనే. హెల్మెట్ లేకుండా మరణించిన వారు 50,029 మంది. వీరిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. హెల్మెట్ బండి నడిపేవాడికే అన్న అపోహకు ఈ అంకె చాలు.

సరైన హెల్మెట్ పెట్టుకుంటే మరణాలు నూటికి 42, తల గాయాలు నూటికి 69 వంతున తగ్గుతాయని ఇదివరకు జరిగిన పరిశోధనలు తేల్చాయి. సరైనది అంటే ఐఎస్ఐ గుర్తు ఉన్నది, గడ్డం కింద బిగించినది. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే నేరం. పోలీసును చూసి పెట్టుకునే చిప్పలు, హ్యాండిలుకు తగిలించుకునే హెల్మెట్లు ప్రాణం కాపాడవు. మన రాష్ట్ర హైకోర్టు కూడా 2024లో హెల్మెట్ నిబంధన అమలుపై గట్టిగా నిలదీసింది. 2019 చట్ట సవరణ ప్రకారం హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. నాలుగేళ్ల లోపు పిల్లలను ఎక్కించుకుంటే వారికి హెల్మెట్, నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు ఉండాలి. బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటరాదు.

పొలానికే కదా, బజారుకే కదా అని బోడి తలతో పోయేవారే మన పల్లెల్లో ఎక్కువ. తొమ్మిదో తరగతి పిల్లవాడి చేతికి బండి తాళం ఇచ్చి మురిసిపోయే తండ్రులూ ఉన్నారు. మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే తండ్రికి లేదా బండి యజమానికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉన్నాయని వారు తెలుసుకోవాలి. జైలు మాట అటుంచి, పోయిన బిడ్డ రాడు.

వేగమే యముడు

2022లో దేశంలో జరిగిన రోడ్డు మరణాల్లో 71 శాతం అతివేగం ఖాతాలో పడ్డాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. గేదె అడ్డం వచ్చిందని కంటికి ఆని, కాలు బ్రేకు మీద పడేసరికే ఆ సెకను అయిపోతుంది. వేగం రెట్టింపైతే దెబ్బ తీవ్రత నాలుగు రెట్లు. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోడ్డు బాగుపడితే ప్రమాదాలు వాటంతట అవే తగ్గుతాయనుకోవడం ఇందుకే భ్రమ. గోతుల రోడ్డుపై పడితే మోకాలు చీరుకుపోయేది. నున్నటి రోడ్డుపై పడితే ప్రాణమే పోతోంది. ప్రమాదాలు తగ్గినా చావులు తగ్గకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

కాలువలో కారు పడినప్పుడు తలుపు తెరవాలని పెనుగులాడటం వృథా. బయటి నీటి ఒత్తిడికి అది తెరుచుకోదు. పడిన వెంటనే, కారు ఇంకా తేలుతూ ఉండగానే బెల్టు విప్పి, అద్దం దించి, కిటికీలోంచి బయటకు రావాలి. పిల్లలను ముందు పంపాలి. కరెంటు అద్దాలు నీరు తగిలాక కొద్దిసేపటికే పని చేయడం మానవచ్చు. కాలువ గట్ల మీద తిరిగే ప్రతి కుటుంబం ఈ సంగతి ఇంట్లో మాట్లాడుకోవాలి.

తొలి గంట

దెబ్బ తగిలిన తొలి గంటలో వైద్యం అందితే బతికేవారు ఎందరో. నాగాయలంక, కోడూరు వంటి చోట్ల ప్రమాదం జరిగితే అవనిగడ్డ ఆసుపత్రి, అక్కడి నుంచి బందరు. తల గాయమైతే చాలాసార్లు బందరు నుంచి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలోని విజయవాడ. 2005 ఆగస్టు 15న ఈ రాష్ట్రంలోనే మొదలైన 108 అంబులెన్సు వేలాది ప్రాణాలు నిలిపింది. బందరుకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. తల గాయాలకు రాత్రి వేళ కూడా ఇక్కడే శస్త్రచికిత్స జరిగే ఏర్పాటు ఉంటే దివిసీమ వాసికి ఆ 70 కిలోమీటర్లు తప్పుతాయి.

పడి ఉన్నవాడిని చూసి ఫోనులో ఫొటో తీసేవారు ఉన్నారు గాని ముట్టుకునేవారు తక్కువ. పోలీసులు, కోర్టులు, సాక్ష్యాలు అన్న భయం. ఆ భయం అనవసరం. క్షతగాత్రులకు సాయం చేసిన వారిని వేధించరాదని సుప్రీంకోర్టు 2016 మార్చి 30న స్పష్టం చేసింది. 2019 సవరణతో అది చట్టంలో చేరింది. పేరు చెప్పమని ఎవరూ బలవంతపెట్టరాదు. తీవ్రంగా గాయపడిన వారిని తొలి గంటలో ఆసుపత్రికి చేర్చి ప్రాణం కాపాడిన వారికి కేంద్రం 2021లో 5 వేల రూపాయల బహుమతి ప్రకటించింది. 2025లో దానిని 25 వేలకు పెంచింది. గాయపడిన వారికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు చెల్లించకుండా వైద్యం అందించే పథకం 2025 మేలో అమల్లోకి వచ్చింది. ఢీకొట్టి పారిపోయిన వాహనం దొరకకపోయినా మృతుని కుటుంబానికి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడిన వారికి 50 వేల రూపాయల పరిహారం ఉంది. ఈ సంగతులు పంచాయతీ ఆఫీసు గోడ మీద, ఆటో స్టాండు దగ్గర రాసి పెడితే అందరికీ తెలుస్తాయి.

చేయవలసినవి

కలెక్టరు అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంది. మూడేళ్లలో అర కిలోమీటరు పరిధిలో మరణానికో తీవ్ర గాయాలకో దారితీసిన ప్రమాదాలు ఐదు జరిగినా, లేదా పది మంది మరణించినా జాతీయ రహదారిపై ఆ చోటును ప్రమాద స్థలంగా గుర్తించాలన్నది నిబంధన. అంతమంది పోయేదాకా ఆగడం దేనికి? ఊరి పెద్దలను అడిగితే ఏ మలుపు ఎవరిని తిన్నదో వరుసగా చెబుతారు. ఆ మలుపుల దగ్గర కాలువ వైపు రక్షణ కమ్మీలు, రాత్రి మెరిసే గుర్తులు, కూడళ్ల దగ్గర దీపాలు, బడుల ముందు వేగ నిరోధకాలు ముందుగానే పెట్టాలి. వేగ నిరోధకం కట్టి దానిపై తెల్ల గీతలు వేయకపోతే అదే ప్రమాదానికి కారణమవుతుంది. వేసిన గీతలు ఏడాదికి చెరిగిపోతాయి, మళ్లీ వేయాలి. కుంగిన మార్జిన్లను కోతలకు ముందే మట్టి పోసి గట్టిపరచాలి. చేపల వ్యాన్ల నుంచి కారిన నీటితో రోడ్డు జారుడు కాకుండా అడుగున తొట్టెలు పెట్టించాలి.

పోలీసులు జనవరిలో ఒక నెల కాకుండా ఏడాది పొడవునా తనిఖీలు చేయాలి. నెలకోసారి మండలం వారీగా ప్రమాదాల లెక్కతో పాటు మృతుల లెక్క విడిగా, ఏ చోట, ఏ వేళ, హెల్మెట్ ఉన్నదీ లేనిదీ ప్రకటించాలి. అప్పుడే ఏది తగ్గిందో, ఏది తగ్గలేదో ప్రజలకు తెలుస్తుంది.

దివిసీమ తీరంలో తుఫాను షెల్టరుకు ప్రతి ఏడాదీ పని పడదు. అయినా దాన్ని పాడుపెట్టం. రోడ్డు పక్క కమ్మీ, ట్రక్కు వెనుక రిఫ్లెక్టరు, నెత్తిన హెల్మెట్ కూడా అటువంటివే. వచ్చే సార్వా కోతలు మొదలయ్యేలోగా ధాన్యం ఆరబోత స్థలాలు కేటాయించి, ట్రాక్టర్లన్నిటికీ రిఫ్లెక్టర్లు అతికించి, కాలువ మలుపుల వద్ద రక్షణ కమ్మీలు వేయించేందుకు జిల్లా యంత్రాంగం, పంచాయతీలు, రైతు సంఘాలు ఇప్పటి నుంచే పూనుకోవలసి ఉంది.